తల్లి పొట్టకు ఆలస్యంగా చేరిన వల

భిలాయి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఇంచుమించు అవే రోజుల్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఫ్రాన్సిస్ అషర్ అనే సర్జన్ ప్లాస్టిక్ దారంతో నేసిన గుడ్డముక్కలను కుక్కల పొట్ట గోడలో కుట్టి, వాటి చుట్టూ కండ ఎలా పెరుగుతోందో పరీక్షిస్తున్నాడు. ఈ రెండు పనులకూ సంబంధమేమీ లేదు. కానీ భిలాయి కట్టిన చేతుల్లో ఆడవాళ్ల చేతులూ ఉన్నాయి. అక్కడ వాళ్లను రేజాలంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల నుంచీ, శ్రీకాకుళం వైపు నుంచీ వచ్చి, ఇటుకా ఇసుకా కంకరా తట్టలకెత్తి మోసిన స్త్రీలు. కాన్పైన కొద్ది రోజులకే మళ్లీ తట్ట ఎత్తిన తల్లి పొట్టకు అషర్ గుడ్డముక్క అవసరం పడొచ్చు. అది ఆమె దాకా చేరడానికి పట్టిన కాలమే ఈ కథ.

పొట్ట ముందు గోడలో రొమ్ము ఎముక దగ్గర నుంచి పొత్తికడుపు అడుగు దాకా రెండు కండరాలు నిలువుగా దిగుతాయి. వాటిని కలిపే మధ్య పట్టీ కండ కాదు, నారలాంటి తెల్లని కణజాలం. గర్భం పెరిగేకొద్దీ ఈ పట్టీ పలచబడి వెడల్పవుతుంది, కండరాలు రెండూ పక్కలకు జరుగుతాయి. నెలలు నిండే వేళకు దాదాపు ప్రతి గర్భిణిలోనూ ఈ ఎడం కనిపిస్తుంది. కాన్పు తర్వాత చాలామందిలో దగ్గరపడుతుంది, అందరిలోనూ కాదు. నార్వేలో తొలి కాన్పు స్త్రీలు 300 మందిని గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరు వారాలప్పుడు 60 శాతం మందికీ, ఏడాది తిరిగాక కూడా దాదాపు మూడో వంతు మందికీ ఆ ఎడం మిగిలే ఉంది.

దీన్ని గుర్తించడానికి స్కానింగే అక్కర్లేదు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల ఒక్కటే కొంచెం పైకెత్తాలి. ఎడం ఉన్న పొట్టలో బొడ్డుకు పైనా కిందా నిలువుగా ఒక గట్టులా లేస్తుంది. డాక్టరు బొడ్డు దగ్గర వేళ్లు అడ్డంగా ఆనించి, రెండు కండరాల అంచుల మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూస్తారు. రెండు సెంటీమీటర్లు దాటితే కండరాలు విడినట్టే లెక్క. ఇది హెర్నియా కాదు. హెర్నియా అంటే గోడకు కంత పడి, లోపలి కొవ్వో పేగో అందులోంచి బయటికి తోసుకురావడం. ఎడంలో కంత లేదు, గోడ సాగిందంతే. అయితే సాగిన పట్టీలో బొడ్డు దగ్గరో, సిజేరియన్ కుట్టు వెంటో కంత పడితే రెండూ ఒకే పొట్టలో కాపురం చేస్తాయి. అక్కడే సర్జన్‌కు అసలు చిక్కు మొదలవుతుంది.

ఆ చిక్కు అర్థం కావాలంటే లోపలి ఒత్తిడి తెలియాలి. ఆరోగ్యవంతులైన ఇరవై మందిలో కొలిచి 2005లో ప్రచురించిన లెక్కల ప్రకారం, వెల్లకిలా పడుకున్నప్పుడు పొట్టలో ఒత్తిడి సుమారు 2 మిల్లీమీటర్ల పాదరసం. నిలబడితే 20. నిలబడి దగ్గితే వంద దాటుతుంది, గెంతితే ఇంకా ఎక్కువ. కంత అంచులు రెండూ లాగి కుట్టేస్తే, ప్రతి దగ్గుకూ ప్రతి బరువుకూ ఆ లాగుడంతా కుట్టు దారం మీదే పడుతుంది. దారం తెగకపోవచ్చు. అది పట్టుకున్న కండే రక్తం అందక మెత్తబడి చీలుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు సర్జన్లకు ఈ సంగతి తెలుసు. ఇటలీలోని పాదువాలో బస్సీని 1884లో గజ్జల హెర్నియాకు పొరలు పొరలుగా కుట్టే పద్ధతి మొదలుపెట్టాడు. ప్రపంచమంతా దశాబ్దాల పాటు దాన్నే అనుసరించింది. అంతకు ముందే వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్, మన కండర పొరంత గట్టి కణజాలాన్ని కృత్రిమంగా తయారుచేయగలిగితే హెర్నియా రహస్యం విడిపోతుందన్న ఆలోచన చెప్పాడు. ఆ మాట పట్టుకుని మొదట లోహాలకే దిగారు. 1900 ప్రాంతంలో జర్మనీలో వెండి తీగల జాలీ పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత టాంటలమ్ జాలీ, ఆపైన స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీ వచ్చాయి. లోహపు జాలీ గట్టిదే, కానీ పొట్ట రోజుకు వేలసార్లు వంగుతుంది. ఒకేచోట అటూ ఇటూ వంచితే ఇనప తీగ తెగినట్టే, టాంటలమ్ జాలీ పొట్టలో ముక్కలై కొనలు కండలో గుచ్చుకునేవి. పగులు పుట్టిన రైలు పట్టా ఏమవుతుందో, పట్టాలు తయారుచేసే భిలాయికి వేరే చెప్పనక్కర్లేదు.

1951లో ఓక్లహోమాలో ఫిలిప్స్ పెట్రోలియం రసాయన శాస్త్రవేత్తలు హోగన్, బ్యాంక్స్ పెట్రోలు తయారీ కోసం ప్రయోగాలు చేస్తుండగా పాలీప్రొపిలీన్ గట్టి స్ఫటికంగా దొరికింది. ఆ పనిలోంచే కొత్త రకం పాలిథీన్ కూడా వచ్చింది. ఆ కంపెనీ ప్లాస్టిక్‌కు మార్లెక్స్ అని పేరు. 1958లో అమెరికా పిల్లలు నడుముకు తిప్పుకున్న హులాహూప్‌లు దానితో చేసినవే. అదే ఏడు అషర్ మార్లెక్స్ దారపు వల, అంటే మెష్, గురించి రాశాడు. మొదట పాలిథీన్, 1960ల మొదట్లో అల్లిన పాలీప్రొపిలీన్.

ఈ మెష్‌ను దగ్గరగా చూసినవాళ్లు తక్కువ. అరచేతిలో పెడితే బరువే తెలియదు. వెలుతురుకు ఎత్తితే అవతల మనిషి కనిపిస్తాడు. దారం ఒంటి పోగు, అల్లిక కన్నుకన్నుకూ ముడిపడి ఉంటుంది కాబట్టి ఎక్కడ కత్తిరించినా అంచు విడిపోదు. పని చేసేది ఆ కన్నులే. శరీరం వాటిలోకి కొల్లాజెన్ పోగులు దూర్చి, నెలల్లో దాన్ని తన గోడలో కలిపేసుకుంటుంది. కన్ను మరీ చిన్నదైతే లోపలికి దూరిన క్రిములను తినే కణాలు దూరలేవు. పక్కపక్క కన్నుల మచ్చలు ఒకటై మెష్ అట్టలా బిగుస్తుంది, నొప్పి మిగులుతుంది. జర్మనీలోని ఆఖెన్‌లో క్లింగె బృందం 1990ల్లో దీన్ని పట్టుకుంది. దారం సన్నగా, కన్ను మిల్లీమీటరు పైబడి ఉండే తేలిక మెష్‌లు అక్కడి నుంచే వచ్చాయి. ఎంత గట్టిగా ఉంటే అంత మేలనే పాత నమ్మకం ఇలా చెదిరింది.

లాస్ ఏంజెలెస్‌లో లిచ్‌టెన్‌స్టైన్ అనే సర్జన్ 1984లో ఇంకో అడుగు వేశాడు. అంచులు లాగడమే మానేసి, కంత మీద మెష్ పరచి కుట్టాడు. లాగుడు లేని ఆపరేషన్ అది. 1989లో వెయ్యి మంది లెక్క ప్రచురించాడు. గజ్జల హెర్నియా వైద్యం ఆ తర్వాత మళ్లీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఈ చరిత్రలో నన్ను ఆపేది ఒకటే. గజ్జల హెర్నియా ఎక్కువగా మగవాళ్ల జబ్బు. మెష్ అక్కడే పెరిగింది, అక్కడే రుజువైంది. మన దేశంలో గ్రామీణ సర్జన్లు చేసిన అద్భుతమైన పని కూడా ఎక్కువగా ఆ దారిలోనే సాగింది. మహారాష్ట్రలోని దోండాయిచాలో ఆసుపత్రి నడిపిన తొంగావ్‌కర్, దోమతెర గుడ్డను ఉతికి, స్టెరిలైజ్ చేసి మెష్‌గా వాడారు. ఆ ప్లాస్టిక్ కూడా పాలిథీన్, పాలీప్రొపిలీన్‌ల కలయికే. బి.వి. రెడ్డి తదితరులతో కలిసి 2003లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సర్జరీలో పలు ఆసుపత్రుల ఫలితాలు వెల్లడించారు. సాధారణ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలకు తట్టుకునే దోమతెరలు, అంతకు మించి వేడి చేస్తే ముడుచుకుపోతాయని తర్వాతి పరీక్షల్లో తేలింది. 2016లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఉగాండా పరీక్ష వచ్చింది. ఖరీదైన మెష్, దోమతెర మెష్ రెండూ ఏడాది తర్వాత ఒకే రకంగా నిలిచాయి. తిరగబెట్టింది దోమతెర వైపు ఒక్కరికే, మరో వైపు ఎవరికీ లేదు. ధరలో తేడా వంద రెట్ల పైన. పాల్గొన్న 302 మందీ మగవాళ్లే.

పేదలకు వైద్యం అందడమన్న ప్రశ్న భిలాయికి కొత్తది కాదు. కర్మాగారానికి ఇనప రాయి పంపే దల్లీరాజ్‌హరా గనుల్లో కార్మిక సంఘం ఉపాధ్యక్షురాలు కుసుమ్‌బాయి ప్రసవ వేళ సరైన వైద్యం అందక చనిపోయింది. శంకర్ గుహ నియోగి నాయకత్వంలోని కార్మికులు తమ చందాలతో తమ ఆసుపత్రి తామే కట్టుకోవడానికి ఆ మరణం ఒక కారణం. 1977 జూన్‌లో కార్మికుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో అసువులు బాసినవాళ్ల జ్ఞాపకంగా 1983 జూన్ 3న షహీద్ ఆసుపత్రి తెరిచారు. గనుల్లో, నిర్మాణాల్లో బరువులెత్తే ఆడవాళ్ల కాన్పు ఎంత పెద్ద సంగతో అక్కడి కార్మికులు వైద్య పత్రికల కన్నా ముందే గుర్తించారని నా నమ్మకం.

వైద్య పత్రికలు పొట్ట మధ్య గోడ వైపు గట్టిగా తిరిగింది 2000 నుంచి. పాత ఆపరేషన్ కుట్టు వెంట పడే హెర్నియా మీద నెదర్లాండ్స్ బృందం ఆ ఏడాది ప్రచురించిన ఫలితం సర్జన్లను కుదిపింది. దారంతో మాత్రమే కుడితే మూడేళ్లలో 43 శాతం తిరగబెట్టాయి, మెష్‌తో 24 శాతం. పదేళ్లకు అవి 63, 32 అయ్యాయి. మెష్ మేలే, కానీ మూడింట ఒకటి విఫలమవడం చిన్న మాట కాదు. అందుకే అసలు కంతే పడకుండా చూడాలనే ఆలోచన బలపడింది. 2015లో అదే దేశంలో స్టిచ్ అనే పరీక్షలో, పొట్ట నిట్టనిలువుగా కోసినవాళ్లకు సెంటీమీటరు ఎడంగా పెద్ద కుట్లు వేసేకంటే 5 మిల్లీమీటర్ల చిన్న కుట్లు వేస్తే, ఏడాదికి హెర్నియా 21 నుంచి 13 శాతానికి తగ్గింది. ఖర్చు దాదాపు ఏమీ లేదు, సర్జన్‌కు ఇంకొన్ని నిమిషాల ఓపిక తప్ప. కోత మూసే చోట ఇంతకన్నా చవకైన మేలు నాకైతే కనిపించలేదు.

బొడ్డు హెర్నియా చిన్నదే కదా, నాలుగు కుట్లు చాలనే అలవాటును 2018లో లాన్సెట్ పరీక్ష తప్పని తేల్చింది. ఒకటి నుంచి నాలుగు సెంటీమీటర్ల కంతలకు కుట్లతో 12 శాతం తిరగబెడితే, మెష్‌తో 4 శాతమే. మూడేళ్ల ముందే ఇంకో అధ్యయనం అసలు విషయం చెప్పింది. చిన్న హెర్నియాతో పాటు కండరాల ఎడం కూడా ఉన్నవాళ్లలో, ఉత్త కుట్లు వేస్తే మూడో వంతు దరిదాపు తిరగబెట్టాయి. ఎడం లేనివాళ్లలో అది పదింట ఒకటి కన్నా తక్కువ. అంటే బాలింత పొట్టలోని ఆ సాగిన పట్టీని పట్టించుకోకుండా కంతొక్కటీ మూస్తే, అదే పట్టీలో ఇంకో చోట తెరుచుకుంటుంది. కాన్పుల చరిత్ర అడగని సర్జన్ సగం పొట్టనే చూసినట్టు.

ఎడమొక్కటే ఉండి కంత లేనివాళ్లకు ఏం చేయాలన్నది వేరే లెక్క. స్టాక్‌హోమ్‌లో 2016లో ప్రచురించిన పరీక్షలో, కండరాలను దారంతో దగ్గరకు కుట్టినా, వెనక మెష్ పెట్టినా ఏడాదికి తేడా పెద్దగా రాలేదు. ఆపరేషన్ అయినవాళ్లకు నడుము, పొట్ట పటిష్ఠంగా అనిపించాయి. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లలో అంత మార్పు లేదు. అలాగని వ్యాయామాన్ని కొట్టిపారేయలేం. చాలామందికి ఆపరేషనే అక్కర్లేదు, లోపలి పొట్ట కండరాలను మెల్లగా బిగించి వదిలే వ్యాయామం మొదట చేయించాల్సిందే. మన ఇళ్లలో బాలింతకు పాత చీర గుడ్డ పొట్టకు బిగించి కడతారు. అది ఊతమిస్తుంది, నడుము నొప్పి కొంత ఆపుతుంది. కండరాలను కలిపే పని మాత్రం దానితో జరగదు.

ఇంకా పిల్లలు కావాలనుకునే స్త్రీకి మరో సంగతి చెప్పాలి. ఆపరేషన్ తర్వాత గర్భం వస్తే హెర్నియా తిరగబెట్టే ముప్పు పెరుగుతుందని డెన్మార్క్ రికార్డులు చూపించాయి. అందుకే అత్యవసరం కాకపోతే పిల్లలు చాలనుకున్నాక చేయించుకోమంటారు. ఈలోగా పొంగు మెత్తగా ఉండి, పడుకుంటే లోపలికి పోతుంటే ఆగొచ్చు. అది గట్టిపడి, నొక్కినా లోపలికి పోకుండా, నొప్పీ వాంతులూ మొదలైతే పేగు ఇరుక్కుందని అర్థం. అప్పుడు తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే భిలాయిలోని సెక్టర్ 9 ఆసుపత్రికో, దగ్గరలో ఉన్న ఏ పెద్దాసుపత్రికో పరుగెత్తాలి.