పొంగే ద్రాక్షరసం

శ్రీరామనవమి పందిట్లో బెల్లం, మిరియాలు, ఏలకులు కలిపిన పానకం పంచడం తెలుగువారి ఆచారం. పాశ్చాత్య దేశాలలో క్రిస్మస్ పండుగకు, కొత్త సంవత్సరానికి పొంగే ద్రాక్షసారా సీసా మూత విప్పడం ఆచారం. ఆ మూత ఎగిరే చప్పుడు, నురుగు, నాలుకపై చురుకు అందరికీ ముచ్చట గొలిపేవే. కాని అందులోని మద్యం పిల్లలకు తగదు, పెద్దలలోనూ చాలామందికి అక్కరలేదు. మత్తును వదలి పొంగును మాత్రమే పండ్లరసంలోకి తెచ్చుకొనడం సాధ్యమా? సాధ్యమే. అయితే ఆ పొంగు ఎక్కడిదో ముందుగా తెలియవలెను.

పొంగుకు రెండు దారులు

పొంగుకు కారణం బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. అది పానీయంలో చేరడానికి రెండు దారులున్నాయి. మొదటిది కిణ్వనం. ఈస్టు అనే సూక్ష్మజీవి ఒక గ్లూకోజు అణువును విడగొట్టి, రెండు ఆల్కహాలు అణువులను, రెండు బొగ్గుపులుసు వాయువు అణువులను తయారు చేస్తుంది. వీటి అణుభారాలు వరుసగా 46, 44. కాబట్టి వాయువు ఎంత పుట్టితే ఆల్కహాలు ఇంచుమించు అంతే బరువు పుడుతుంది.

ఒక లీటరు రసంలో 4 గ్రాముల వాయువు పుట్టేవరకు ఈస్టును పనిచేయనిస్తే, 4.2 గ్రాముల ఆల్కహాలు కూడా ఏర్పడుతుంది. ఇది సుమారు 5.3 మిల్లీలీటర్లు, అనగా వందకు అర పాలు. "ఇంట్లో పులియబెట్టినదే కదా, మద్యం కాదు" అనుకొనేవారు ఈ లెక్కను గమనించవలెను. పైగా ఈస్టు అక్కడితో ఆగదు. ద్రాక్షరసంలో లీటరుకు సుమారు 160 గ్రాముల చక్కెర ఉంటుంది. అది పూర్తిగా పులిస్తే 80 గ్రాములకు దగ్గరగా వాయువు వెలువడుతుంది. మూత బిగించిన మామూలు గాజుసీసా ఆ పీడనానికి నిలువలేక పగులుతుంది.

రెండవ దారి, వాయువును బయటినుంచి నీటిలో కరిగించడం. 1767లో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు లీడ్స్ నగరంలో ఒక బీరు బట్టీ పక్కన నివసించేవాడు. బట్టీ తొట్లపై నిలిచి ఉండే వాయువులో నీటిని ఒక పాత్రనుంచి మరొక పాత్రకు మార్చి మార్చి పోయగా, ఆ నీటికి ఇంపైన పులుపు వచ్చింది. సుద్దపై గంధకామ్లం పోసి ఈ వాయువును పుట్టించి నీటిలో కరిగించే పద్ధతిని 1772లో ఆయన ప్రకటించాడు. 1783లో జెనీవాలో జాకబ్ ష్వెప్పె దీనిని వ్యాపారంగా మార్చాడు. సోడానీరు అలా పుట్టింది. గోలీసోడా సీసాను ఇంగ్లండులో హైరం కాడ్ 1870 ప్రాంతంలో రూపొందించాడు. అందులో వేరే బిరడా లేదు. లోపలి వాయువే గోలీని మెడలోని రబ్బరు వలయానికి అదిమిపెడుతుంది.

చల్లదనం పాత్ర

1803లో విలియం హెన్రీ ఒక నియమాన్ని తెలిపాడు. స్థిరమైన ఉష్ణోగ్రతవద్ద, ద్రవంలో కరిగే వాయువు పరిమాణం ఆ వాయువు పీడనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. మూత తీయగానే సోడా పొంగడానికి కారణమిదే. ఉష్ణోగ్రత ప్రభావం కూడా తక్కువది కాదు. ఒక వాతావరణ పీడనంలో లీటరు నీరు 5 డిగ్రీల సెంటిగ్రేడువద్ద 2.8 గ్రాముల వాయువును నిలుపుకొనగలదు. 20 డిగ్రీలవద్ద 1.7 గ్రాములు, 30 డిగ్రీలవద్ద 1.25 గ్రాములు మాత్రమే నిలుస్తాయి. కనుక వెచ్చని రసంలో సోడా పోస్తే నురుగు ఒక్కసారిగా లేచి, నిమిషాలలో పానీయం చప్పబడుతుంది.

తయారుచేసే విధానం

అరకిలో నల్లద్రాక్ష పండ్లను బాగా కడిగి చిదిపి, సన్నని సెగపై 80 డిగ్రీలవరకు పది నిమిషాలు వేడిచేయవలెను. దీనివల్ల రెండు లాభాలు. తొక్కలోని రంగు రసంలోకి దిగుతుంది, పండుపై అంటుకొని ఉన్న ఈస్టు నశిస్తుంది. చిన్న అల్లం ముక్కను దంచి ఇప్పుడే వేయవచ్చును. అల్లంలోని ఘాటు వేడిలో చక్కగా దిగుతుంది. తరువాత వడగట్టి, రెండు చెంచాల చక్కెర పూర్తిగా కరిగేటట్లు కలిపి, చల్లార్చి, ఒక నిమ్మకాయ పిండవలెను. రసం సుమారు 300 మిల్లీలీటర్లు వస్తుంది.

పుదీనాను మాత్రం మరిగించరాదు. దాని పరిమళ తైలాలు తేలికగా ఆవిరైపోయేవి. అవి ఆకుపైనున్న సన్నని గ్రంథులలో ఉంటాయి. పది ఆకులను అరచేతుల మధ్య ఒక్కసారి చరచి చల్లని రసంలో వేస్తే చాలు. నూరితే ఆకు పసరు కలిసి చేదు వస్తుంది.

రసాన్ని, సోడాను రెండింటినీ మంచులో బాగా చల్లబరచి, వడ్డించే ముందు 600 మిల్లీలీటర్ల సోడాను పాత్ర అంచువెంట మెల్లగా పోయవలెను. లీటరుకు 6 గ్రాముల వాయువున్న సోడా అయితే, మిశ్రమంలో లీటరుకు 4 గ్రాములు ఉంటుంది. పైన చెప్పిన కిణ్వనం ఇచ్చేది కూడా ఇంతే. ఇక్కడ ఆల్కహాలు మాత్రం లేదు. చక్కెరను సోడాలో నేరుగా వేయరాదు. పలుకుల గరుకుతనం చుట్టూ బుడగలు పుట్టి వాయువు పోతుంది. రసాన్ని మర్నాటికి నిలువ ఉంచకపోవడం మంచిది. గాలిలోని ఈస్టు మళ్ళీ చేరవచ్చును. మంచుగడ్డలు తాగునీటితో చేసినవే వాడవలెను.

చురుకు బుడగలదా?

నాలుకపై చురుకును బుడగల తాకిడే కలిగిస్తుందని చాలామంది అనుకొంటారు. అది పూర్తిగా నిజం కాదు. నోటిలోని ఒక ఎంజైము వాయువును ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లమే నరాలను తాకుతుంది. పులుపును గుర్తించే కణాలపై ఈ ఎంజైము ఉన్నదని 2009లో కనుగొన్నారు.

తరగతిలో చేయదగిన పరీక్ష

కొద్దిగా నల్లద్రాక్ష రసంలో నిమ్మరసం కలిపితే ఎరుపు తేటపడుతుంది. వేరొక గ్లాసులో తినేసోడా కలిపితే రసం నీలిచాయకు మారుతుంది. తొక్కలోని ఆంథోసయనిన్ అనే రంగుపదార్థం ఆమ్లక్షారాలను బట్టి రంగు మార్చుకొంటుంది. సోడానీటికి బదులు తినేసోడాను, నిమ్మ ఉప్పును రసంలో వేసి పొంగించడం ఎందుకు మంచిది కాదో ఈ పరీక్షే కొంత చెబుతుంది. రంగు చెడుతుంది, మిగిలే లవణం రుచిని పాడుచేస్తుంది.

అంతకన్న ముఖ్యమైన హెచ్చరిక ఒకటి ఉంది. 5 గ్రాముల తినేసోడా ఆమ్లంతో పూర్తిగా కలిస్తే దాదాపు లీటరున్నర వాయువు వెలువడుతుంది. దానిని మూసిన సీసాలో ఎన్నడూ చేయరాదు. పీడనాన్ని తట్టుకొనే పాత్రలలో కర్మాగారం నింపిన సోడాను తెచ్చి, మూత తీసిన తరువాత కలుపుకొనడమే క్షేమం. పండుగనాడు పొంగవలసినది పానీయమే, పగలవలసినది సీసా కాదు.