విజయవాడ ఎయిర్‌పోర్ట్: టికెట్‌పై వీజీఏ.. పైలట్లకు మాత్రం ఇంకా 'బెజవాడే'! ఈ కోడ్‌ల కథేంటంటే..

గన్నవరంలో ఫ్లైట్ ఎక్కే ప్రతి ఒక్కరూ టికెట్‌పై 'వీజీఏ' అనే మూడక్షరాలు చూసే ఉంటారు. గన్నవరం వచ్చే లగేజీకి కట్టే ట్యాగ్ మీద కూడా అవే పెద్దగా కనిపిస్తాయి. అయితే విజయవాడ ఎయిర్‌పోర్ట్‌కు ఇంకో కోడ్ కూడా ఉందని మీకు తెలుసా? అందులో మన పాత బెజవాడ పేరు ఇప్పటికీ బతికే ఉంది. అదేంటో చూద్దాం.

రెండు కోడ్‌లు ఎందుకు?

మూడక్షరాల కోడ్ ఇచ్చేది విమానయాన కంపెనీల అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ. టికెట్ బుకింగ్, లగేజీ అన్నీ దీని మీదే నడుస్తాయి. నాలుగక్షరాల కోడ్ ఐక్యరాజ్యసమితి సంస్థ ఐకావోది. పైలట్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు వాడేది ఇదే.

విజయవాడకు ఆ కోడ్ 'వీవోబీజెడ్'. ఇందులో 'వీవో' అంటే దక్షిణ భారతం. ఢిల్లీ వైపు కోడ్‌లు 'వీఐ', ముంబై వైపు 'వీఏ', కోల్‌కతా వైపు 'వీఈ' అని మొదలవుతాయి. ఇక మిగిలిన 'బీజెడ్' మన బెజవాడే! విజయవాడ రైల్వే జంక్షన్ కోడ్ 'బీజెడ్ఏ' కూడా ఆ పేరుతోనే వచ్చింది.

ఊరి పేరు మారినా కోడ్ మారదు

మద్రాసు చెన్నై అయినా కోడ్ 'ఎంఏఏ'నే. బొంబాయి ముంబై అయినా 'బీవోఎం' పోలేదు. ఒకసారి ఇచ్చిన కోడ్‌ను బలమైన కారణం లేకుండా ఐఏటీఏ మార్చదు. ప్రపంచమంతా ఉన్న బుకింగ్ సిస్టమ్‌లు దాని మీదే ఆధారపడి ఉంటాయి మరి.

అయితే ఎయిర్‌పోర్టే కొత్త చోటుకు మారితే కోడ్ కూడా వెంట వెళ్లొచ్చు. 2008లో శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక 'హెచ్‌వైడీ' కోడ్ అక్కడికి వెళ్లింది. బేగంపేటకు 'బీపీఎం' వచ్చింది.

పేరుకు, కోడ్‌కు పొంతన ఉండాలనేం లేదు

తిరుపతి 'టీఐఆర్', రాజమండ్రి 'ఆర్‌జేఏ' చూడగానే తెలిసిపోతాయి. కడప 'సీడీపీ'లో పాత ఇంగ్లిష్ స్పెల్లింగ్ కనిపిస్తుంది. కానీ 2021లో మొదలైన కర్నూలు ఎయిర్‌పోర్ట్ కోడ్ 'కేజేబీ'. కోడ్ మూడక్షరాలే కాబట్టి ప్రపంచం మొత్తానికి వచ్చేవి 17,576 మాత్రమే. ఒక ఊరు తీసుకున్నది ఇంకో ఊరికి దొరకదు. అందుకే కొన్నిసార్లు మిగిలిన అక్షరాలతో సర్దుకోవాల్సిందే.

ప్రయాణికులు ఏం చూసుకోవాలి?

మన రాష్ట్రంలోనే విజయవాడ 'వీజీఏ', విశాఖ 'వీటీజెడ్'. రెండూ 'వీ'తోనే మొదలవుతాయి. హడావుడిగా బుక్ చేసి ఒకదానికి బదులు ఇంకొకటి నొక్కితే దిగేది దాదాపు 350 కిలోమీటర్ల అవతల! అందుకే డబ్బు కట్టే ముందు ఊరి పేరుతో పాటు కోడ్ కూడా చూసుకోండి. హైదరాబాద్‌లోనో, ఢిల్లీలోనో ఫ్లైట్ మారి ఇంటికొచ్చేవాళ్లు చెక్-ఇన్ కౌంటర్ దగ్గరే బ్యాగ్ ట్యాగ్‌ను ఒకసారి చదవండి. చివరి గమ్యం దగ్గర 'వీజీఏ' అని లేకపోతే అక్కడే సిబ్బందిని అడగండి. మీరు గన్నవరంలో, మీ బ్యాగ్ ఇంకో ఊళ్లో ఉండే తిప్పలు తప్పుతాయి.