శనిగ్రహపు మంచు చందమామ – సండూరు ఎర్ర కొండలు

సండూరు: కొండలలో ఖనిజపు లారీలు తిరిగే మట్టిబాటల వెంట సాయంకాలం నడిచే వారికి ఒక సంగతి అనుభవంలోనిదే. సూర్యుణ్ణి వీపు వెనుక ఉంచుకొని చూచినపుడు గాలిలోని దుమ్ము అంతగా కనిపించదు. క్రుంగుతున్న సూర్యుని వైపు తిరిగి చూచినపుడు అదే దుమ్ము ప్రతి రేణువూ వెలుగుతూ కనిపిస్తుంది. మిద్దె గవాచి నుండి ఇంటిలోకి దిగే ఎండలో ధూళికణాలు తేలియాడటం కూడ ఇటువంటిదే.

ఈ చిన్న సూత్రం ఆధారంగానే 2005వ సంవత్సరం నవంబరులో కాసీని అనే అంతరిక్ష నౌక ఒక గొప్ప దృశ్యాన్ని చిత్రించింది. శనిగ్రహపు ఉపగ్రహాలలో ఒకటైన ఎన్సెలడస్ వెనుక వైపు నుండి సూర్యకాంతి వచ్చే విధంగా నౌక నిలిచి ఫోటోలు తీయగా, ఆ మంచుగోళపు దక్షిణ ధ్రువం నుండి సన్నని తెల్లని చిమ్ములు ఆకాశంలోకి లేస్తున్నట్లు స్పష్టమైనది. అవి నీటి ఆవిరి, మంచు రేణువుల ధారలు. మృతగోళమని తలచిన చిన్న చందమామ లోపల కదలిక ఉన్నదని లోకానికి తెలిసినది.

ఎంత చిన్నది?

ఎన్సెలడస్‌ను 1789 ఆగస్టు 28న విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు కనుగొన్నాడు. దీని వ్యాసం సుమారు 504 కి.మీ. బెంగళూరు నుండి హైదరాబాదుకు పటం మీద తిన్నగా గీత గీస్తే ఎంత దూరమో, ఈ ఉపగ్రహపు అడ్డుకొలత దాదాపు అంతే. భూమి చందమామ వ్యాసం దీనికి ఆరు రెట్లకు మించి ఉన్నది. ఇది శనిగ్రహం చుట్టు సుమారు 33 గంటలకు ఒకసారి తిరుగుతుంది. పైభాగమంతా మంచు కావడం వలన తన మీద పడిన వెలుగును దాదాపు పూర్తిగా తిప్పి పంపుతుంది. అందువలన వేడి నిలువదు. ఉపరితలపు ఉష్ణోగ్రత సున్నాకు 200 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది.

అంత చలిలో, అంత చిన్న గోళం ఏనాడో లోపలి దాకా గడ్డకట్టి ఉండాలి. శాస్త్రజ్ఞులలో చాలమంది అభిప్రాయం మొదట అదే.

ముఖం చూచి వయస్సు చెప్పుట

గాలి లేని గోళం మీద ఉల్కలు అడ్డు లేకుండ పడుతుంటాయి. పడిన ప్రతిచోటా గుంట ఏర్పడుతుంది. ఆ గుంటలను పూడ్చే వాన గాని, గాలి గాని అక్కడ ఉండదు. కావున గుంటలు ఎక్కువగా ఉన్న నేల పాతది, తక్కువగా ఉన్న నేల క్రొత్తది అని గ్రహించవచ్చు. క్రొత్తగా అలికిన వాకిటిలో అడుగుల గుర్తులు తక్కువగా ఉండటం వంటిదే ఇది.

1981 ఆగస్టులో వాయేజర్-2 నౌక పంపిన చిత్రాలలోనే ఈ తేడా బయటపడినది. ఎన్సెలడస్ మీద కొన్నిచోట్ల గుంటలు దట్టంగా ఉండగా, మరికొన్నిచోట్ల నునుపైన మైదానాలు కనిపించాయి. అనగా ఆ మైదానాలను తరువాతి కాలంలో ఏదో క్రొత్తగా కప్పినది. అదేమిటో తెలుసుకొనడానికి మరి ఇరవై నాలుగు సంవత్సరాలు పట్టినది.

అక్కడి స్థలాలకు అరేబియా రాత్రుల కథల నుండి పేర్లు పెట్టారు. ఈ ప్రాంతపు పిల్లలు కథలలో విన్న అలీబాబా, అల్లావుద్దీన్ ఇప్పుడు రెండు ఉల్కాబిలాల పేర్లు.

దక్షిణ ధ్రువపు చారలు

కాసీని నౌకను 1997 అక్టోబరు 15న ప్రయోగించారు. అది 2004 జూలై 1న శనిగ్రహాన్ని చేరినది. 2005 ఆరంభంలో ఎన్సెలడస్ ప్రక్కగా పోయినపుడు, శనిగ్రహపు అయస్కాంత క్షేత్రం ఆ చిన్న ఉపగ్రహం దగ్గర వంగుతున్నట్లు నౌకలోని పరికరం గుర్తించింది. అక్కడ ఏదో వాయువు ఉంటే తప్ప అట్లు జరుగదు. ఆ పరికరపు బృందానికి నాయకురాలైన మిషెల్ డోహర్టీ, నౌకను మరింత దగ్గరగా పంపవలసినదిగా కోరారు. 2005 జూలై 14న అది సుమారు 175 కి.మీ. ఎత్తున దక్షిణ ధ్రువ ప్రాంతాన్ని దాటినది.

కెరొలిన్ పోర్కో నాయకత్వంలోని చిత్రణ బృందానికి అందిన ఫోటోలలో ధ్రువం వద్ద ఉల్కాబిలాలు దాదాపు లేవు. పులి చారల వంటి నాలుగు పొడవైన పగుళ్ళు మాత్రం ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 130 కి.మీ. పొడవు, అనగా సండూరు నుండి అనంతపురానికి తిన్నగా ఉన్న దూరం కంటె కొంచెం ఎక్కువ. పగులుకు పగులుకు మధ్య రమారమి 35 కి.మీ. ఎడం. వాటి చుట్టు ఇండ్లంత మంచు బండలు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. వేడిని కొలిచే పరికరం ఆ పగుళ్ళ వెంటనే చలి తక్కువగా ఉన్నదని తెలిపినది. గుంటలను పూడ్చి నేలను నునుపు చేసినది ఆ పగుళ్ళ నుండి పైకి చిమ్మి, తిరిగి మంచువలె రాలే నీరే. రాలక తప్పించుకొన్న రేణువులు శనిగ్రహం చుట్టు ఒక వెడల్పైన వలయంగా ఏర్పడ్డాయి.

వేడి ఎక్కడిది?

ఇనుప తీగను ఒకేచోట పదే పదే వంచి చాచితే ఆ చోటు వేడెక్కుతుంది. ఎన్సెలడస్ విషయంలో జరుగుతున్నది అదే. దాని కక్ష్య పూర్తి వృత్తం కాదు. ఒకసారి శనిగ్రహానికి దగ్గరగా, ఒకసారి దూరంగా పోతుంది. దగ్గరైనపుడు ఆకర్షణ ఎక్కువై గోళం సాగుతుంది, దూరమైనపుడు సడలుతుంది. డయోనె అనే మరియొక ఉపగ్రహం ఒకసారి తిరిగేలోపల ఎన్సెలడస్ రెండుసార్లు తిరుగుతుంది. ఈ పొత్తు వలన కక్ష్య గుండ్రబడక కోలగానే నిలుస్తుంది. ఈ నలుగుడే లోపలి వేడికి మూలం.

లోపలి నీరు ధ్రువం క్రింద మాత్రమే ఉన్నదా, గోళమంతటా ఉన్నదా అనే సందేహం కూడ ఫోటోల వలననే తీరినది. ఉడికిన గ్రుడ్డు, పచ్చి గ్రుడ్డు బల్ల మీద ఒకే విధంగా తిరుగవు. పచ్చిగ్రుడ్డులో పెంకు, లోపలి సొన కలిసి కదలవు గదా. ఏడు సంవత్సరాలకు పైగా తీసిన ఫోటోలలో బిలాల స్థానాలను సరిపోల్చగా ఎన్సెలడస్ స్వల్పంగా ఊగుతున్నట్లు తేలినది. ఆ ఊగు డిగ్రీలో ఎనిమిదవ వంతు మాత్రమే. కాని పెంకు లోపలి రాతికి అంటుకొని ఉంటే అంత కూడ సాధ్యపడదు. కనుక మంచు పెంకు క్రింద గోళమంతటా సముద్రం ఉన్నదని 2015లో ప్రకటించారు.

సండూరు రాళ్ళకు సంబంధం

కాసీని ఆ చిమ్ముల గుండా పలుమార్లు దూసుకొనిపోయి రేణువులను పరీక్షించినది. ఉప్పు దొరికినది. హైడ్రోజన్ వాయువు దొరికినదని 2017లో తెలిపారు. సముద్రపు అడుగున వేడినీరు రాతితో కలిసే ఊటలు ఉండవచ్చునని దాని సూచన. ప్రాణులకు అవసరమైన భాస్వరపు లవణాలు కూడ ఉన్నట్లు 2023లో తెలిసినది. అక్కడ ప్రాణి ఉన్నదని మాత్రం ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు.

ఈ మాటలు సండూరు ప్రాంతానికి పరాయివి కావు. దోణిమలై మొదలుకొని కుమారస్వామి కొండ వరకు కనిపించే ఎర్రని ఇనుపరాయి ఒకప్పుడు సముద్రపు అడుగున పొరలు పొరలుగా పేరుకొన్నది. ఆనాటి సముద్రంలో కరిగి ఉన్న ఇనుములో అధికభాగం అటువంటి వేడి ఊటల నుండి వచ్చినదే అని భూగర్భ శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఈ శిలల వయస్సు సుమారు 270 కోట్ల సంవత్సరాలు. సూక్ష్మజీవుల పొరలతో ఏర్పడే స్ట్రోమటోలైట్లు అనే రాళ్ళను సండూరు శిలలలో గుర్తించినట్లు 1984లో ప్రచురించారు. 1987లో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు చెందిన ఎస్. ఎం. నఖ్వీ, ఆయన సహచరులు సండూరు చెకుముకిరాతి పొరలలో సూక్ష్మజీవుల ఆనవాళ్ళను వర్ణించారు.

ఎన్సెలడస్ సముద్రంలో వెదకదలచినది ఇటువంటి జీవులనే. లారీకి ఎత్తే రాయిలో ఇనుముతో పాటు భూమి తొలినాటి సముద్రాల చరిత్ర కూడ ఉన్నది. త్రవ్విపోసిన పొర తిరిగి రాదు. కావున గనుల నడుమ అటువంటి శిలలు కొన్నింటినైనా గుర్తించి కాపాడుకొనడం ఈ ప్రాంతపు పిల్లల చదువుకు అవసరం.

ముగింపు

కాసీనిలో ఇంధనం తరిగిపోయిన తరువాత దానిని శనిగ్రహం చుట్టు ఊరకే తిరుగనీయలేదు. ఏనాడైనా అది ఎన్సెలడస్ మీద పడితే, భూమి నుండి అంటుకొనిపోయిన సూక్ష్మజీవులు అక్కడి నీటిని చెరుపవచ్చునని భయపడి, 2017 సెప్టెంబరు 15న నౌకను శనిగ్రహపు వాయుమండలంలోకి పంపి దగ్ధం చేశారు. ఎవరూ త్రాగని నీటిని కాపాడటానికి చేసిన పని అది.

మరల ఎన్సెలడస్‌కు నౌకను పంపాలని ఐరోపా అంతరిక్ష సంస్థకు నిపుణుల బృందం 2024లో సిఫారసు చేసినది. ప్రయోగం 2040 తరువాతి మాట. నేడు ప్రాథమిక పాఠశాలలో ఉన్న బాలబాలికలు అప్పటికి పెద్దవారై ఉంటారు. అంతవరకు ఎన్సెలడస్‌ను కంటితో చూడటం సాధ్యం కాదు గాని, శనిగ్రహాన్ని చూడవచ్చు. చీకటి రాత్రి మిద్దె ఎక్కి చూచినపుడు నక్షత్రాల వలె మిణుకుమనక, నిలకడగా, లేత పసుపు వన్నెతో వెలిగేది అదే. చిన్న దూరదర్శిని ఉంటే దాని వలయాలు కూడ కనిపిస్తాయి.