అమ్మకానికి కాని పాట

నక్కపల్లి లాంటి ఊళ్ళో పాత ఇల్లు విప్పేటప్పుడు అటక మీద గ్రామఫోను ప్లేట్లు దొరికితే, పాట పేరు కన్నా ముందు బరువు చూడండి. బరువుగా, పెళుసుగా ఉంటే లక్క ప్లేటు. తేలిగ్గా, కాస్త వంగేలా ఉంటే వినైలు. గ్రామఫోను బతుకు చాలావరకు ఈ రెంటి మధ్యే నడిచింది.

1887లో ఎమిల్ బెర్లినర్ బల్లపరుపు పళ్ళెం మీద గాడి గీసి గొంతును దాచే దారి కనిపెట్టాడు. ఆ తర్వాత ప్లేట్లకు కావలసిన లక్క మన దేశం నుంచే వెళ్ళేది. చెట్టుకొమ్మల మీద పురుగులు కట్టే జిగురది. అందులో రాతిపొడి, మసి కలిపి వేడి మీద అచ్చు వేసేవారు. నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాట. 1949లో అమెరికా కంపెనీ ఆర్‌సీఏ విక్టర్ ఏడంగుళాల వినైలు ప్లేటు తెచ్చింది. 45 చుట్లు చాలు. గాడి సన్నబడింది, గరగర తగ్గింది.

మన పల్లెలకు అది వెంటనే అక్కరకు రాలేదు. కరెంటు లేనిచోట కీ ఇచ్చే పెట్టే దిక్కు. దాని ఉక్కుముల్లు బరువుకు వినైలు గాడి చెడిపోతుంది. అందుకే కలకత్తా దగ్గరి డమ్‌డమ్ గ్రామఫోను కర్మాగారం 1960లలో కూడా 78 చుట్ల ప్లేట్లు అచ్చు వేసింది. ఇంగ్లండు బృందం బీటిల్స్ పాటలు సైతం! ఇంగ్లండువాళ్ళు వినైలు మీద విన్న పాటలు మనకు లక్క మీద వచ్చాయి. ఇవాళ వాటి కోసం దేశదేశాల సేకర్తలు వెతుకుతున్నారు. మన లేమి పుట్టించిన అపురూపమిది.

ఇంకో రకం అరుదైనవి, పాట బజారులోకి రాకముందే రేడియోవాళ్ళకు పంపే ప్లేట్లు. అమ్మకానికి కాదని చాలావాటి చీటీ మీదే అచ్చు వేసేవారు. 1962లో బీటిల్స్ ‘లవ్ మీ డూ’కు ఇలాంటివి 250 తీశారు. చీటీ మీద బృందంలోని మెకార్ట్నీ పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఇప్పుడు ఆ తప్పే వాటికి ఆనవాలు. అమెరికా ప్లేట్లలో కొన్నిటికి రెండువైపులా ఒకటే పాట, ఒకవైపు మోనో, రెండోవైపు స్టీరియో. నిజమో నకిలీయో తేల్చడానికి నేనైతే చీటీని ఒక్కదాన్నే నమ్మను. గాడి ముగిశాక చీటీ చుట్టూ మిగిలే నున్నటి జాగాలో అంకెలుంటాయి. ప్లేటు ఏ అచ్చులోంచి వచ్చిందో అవి చెబుతాయి.

తెలుగువారిలో ఈ సేకరణకు పెద్ద పేరు వి.ఎ.కె. రంగారావుగారిది. వేల సంఖ్యలో 78 చుట్ల ప్లేట్లు కూడబెట్టి, వాటి ఆధారంగా మన పాట చరిత్రను రాశారు. అటకల మీది ప్లేట్లు తూకానికి పోయి ఉంటే ఆ చరిత్ర ఎక్కడ దొరికేది?

కాబట్టి చిన్న మనవి. లక్క ప్లేటును స్పిరిటుతో తుడవకండి, స్పిరిటుకు లక్క కరిగిపోతుంది. మెత్తటి పొడి బ్రష్షు చాలు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టండి. సముద్రం గాలి తగిలే ఊళ్ళలో కాగితపు సంచులకు బూజు పడుతుంది, ఏడాదికోసారైనా మార్చండి. పాత సామాను కొనేవాడు గుమ్మంలోకి వస్తే, ఇచ్చేముందు ప్రతి ప్లేటు చీటీ ఒకసారి చదవండి.