నల్లతెర వెనుక ఏముంది?

లైవ్ డిస్కుతో లైనక్స్ మొరాయించినంత మాత్రాన లాప్‌టాప్ పాడైనట్టు కాదు. అది ఆగిన చోటే అసలు ఆచూకీ దొరుకుతుంది

పెన్‌డ్రైవ్ పెట్టి పవర్ బటన్ నొక్కుతారు. కంపెనీ లోగో వచ్చి పోతుంది. ఓ మెనూ కనిపిస్తుంది. ఆ తర్వాత చిమ్మచీకటి. ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది. లైనక్స్‌ను ఒకసారి చూద్దామనుకున్న చాలామంది ప్రయత్నం ఇక్కడే ఆగిపోతుంది. "మన లాప్‌టాప్‌కు ఇది పడదు" అని తేల్చేస్తారు. చాలాసార్లు ఆ తీర్పు తొందరపాటే.

ఆ తొందరపాటుకు మూల్యం తక్కువేమీ కాదు. 2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. టీపీఎం 2.0 భద్రతా చిప్, కొత్త తరం ప్రాసెసర్ ఉంటేనే విండోస్ 11కు అర్హత. తెర, కీబోర్డు భేషుగ్గా ఉన్న ఎన్నో లాప్‌టాప్‌లు అలా అనాథలయ్యాయి. వాటికి లైనక్స్ ఒక దారి. లైవ్ డిస్కైతే హార్డ్‌డిస్కును ముట్టుకోకుండా మెమరీలోనే నడుస్తుంది. జర్మనీ ఇంజనీర్ క్లాస్ నాపర్ 2000లో తెచ్చిన నాపిక్స్‌తో ఈ పద్ధతికి ఆదరణ పెరిగింది. విండోస్ తెరుచుకోనప్పుడు ఫొటోలను బయటకు తీయడానికీ ఇదే ఆధారం.

ఇంతకీ అది ఎక్కడ ఆగింది? మెనూ కూడా రాకుండా నేరుగా విండోస్ తెరుచుకుంటే పొరపాటు తయారీలో ఉండొచ్చు. డౌన్‌లోడ్ చేసిన ఐఎస్‌ఓ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్, ఎచర్ వంటి ప్రోగ్రాములతో రాయాలి. 2004లో తొలి ఉబుంటు 700 మెగాబైట్ల సీడీలో ఇమిడిపోయింది. 24.04 వెర్షన్ మాత్రం 5 గిగాబైట్లు దాటింది. అది మామూలు డీవీడీలో పట్టదు, 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి. అంతా సరిగ్గానే ఉంటే బూట్ మెనూ తెరవండి. డెల్, లెనోవోలలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. కీ అందకపోతే విండోస్‌లోనే షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ ఎంచుకుంటే, చాలా లాప్‌టాప్‌లలో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసే అవకాశం కనిపిస్తుంది.

'సెక్యూరిటీ పాలసీ వయొలేషన్' అనే సందేశం వస్తే అడ్డుపడింది సెక్యూర్ బూట్. గుర్తింపు సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను గుమ్మం దగ్గరే ఆపే కాపలాదారు అది. 2024 ఆగస్టులో వచ్చిన ఓ విండోస్ అప్‌డేట్ పాత లైనక్స్ డిస్కులెన్నిటినో ఇలాగే నిలిపేసింది. మొదట కొత్త వెర్షన్ దించుకుని చూడండి. అదీ ఫలించకపోతేనే సెక్యూర్ బూట్‌ను ఆపాలి. అయితే అంతకు ముందు బిట్‌లాకర్ 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి. లేకపోతే తర్వాత విండోస్ ఆ కీ అడిగినప్పుడు మీ ఫైళ్లే మీకు అందకుండా పోవచ్చు.

మెనూ వచ్చాక తెర నల్లబడితే అనుమానించాల్సింది గ్రాఫిక్స్‌ను. లైనక్స్ మొదలవుతూనే తెరను తన అదుపులోకి తెచ్చుకుంటుంది. కొన్ని గ్రాఫిక్స్ చిప్‌లతో, ముఖ్యంగా ఎన్‌విడియా ఉన్నవాటితో, అక్కడే పేచీ వస్తుంది. మెనూలో 'సేఫ్ గ్రాఫిక్స్' ఉంటే దాన్ని ఎంచుకోండి. లేకపోతే ఇంగ్లిష్ 'ఇ' కీ నొక్కి, 'లైనక్స్' అని మొదలయ్యే వరుసలో 'క్వయట్ స్ప్లాష్' మాటలు తీసేసి 'నోమోడ్‌సెట్' అని చేర్చండి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయాలి. ఎఫ్10 నొక్కితే బూట్ అవుతుంది. బొమ్మ కాస్త మొరటుగా ఉండొచ్చు గానీ తెర వెలుగుతుంది. ఈ మార్పు ఆ ఒక్కసారికే.

'ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్' అన్న మాట దగ్గర ఆగితే సగం దారి దాటినట్టే. లైనక్స్ లేచింది, మిగతా ఫైళ్లే దొరకడం లేదు. పెన్‌డ్రైవ్‌ను మరో యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. అప్పటికీ కుదరకపోతే, దించుకున్న ఫైలు చెక్‌సమ్ వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో పరీక్షించి, వేరే పెన్‌డ్రైవ్‌పై మళ్లీ రాయండి. ప్రాసెసర్ 32 బిట్‌దని సందేశం వస్తే మాత్రం ఇప్పటి ఉబుంటు దానిపై నడవదు.

అంతా తెరుచుకున్నాక వై-ఫై కనిపించకపోతే కంగారు పడొద్దు. మొబైల్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే నెట్ వస్తుంది.

ఒకటే నియమం: ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. తెరపై నిలిచిన చివరి వరుసను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. రెండు మూడు సెట్టింగులు కలిపి మార్చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది చెడగొట్టిందో అసలే తెలియదు.

చివరికి డెస్క్‌టాప్ వెలిగాక 'ఇన్‌స్టాల్' గుర్తు ఊరిస్తుంది. డిస్కును చెరిపేసే అవకాశం ఉన్నది అక్కడే. దాన్ని నొక్కేముందు ఫొటోలను, కాగితాలను మరో డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. లాప్‌టాప్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, పిల్లల చిన్ననాటి ఫొటోలు ఏ దుకాణంలోనూ దొరకవు.