చిరుతపులి శాసనము

ఆఫ్రికా ఖండపు పశ్చిమతీరమున, నైజీరియా దేశమునకు ఆగ్నేయమూలన, క్రాస్ నది సముద్రమున కలియు చోటికి కొంత ఎగువగా కాలబార్ నగరము గలదు. మడ అడవుల నడుమ చీలి పారు నదీశాఖల యొడ్డున, విదేశవర్తకులు క్రీక్ టౌన్, ఓల్డ్ టౌన్, డ్యూక్ టౌన్ అని పిలిచిన పేటలలో నివసించుచు, పదునేడవ శతాబ్దము మొదలుకొని ఐరోపా ఓడలతో బేరసారములు నడపిన ప్రజలే ఎఫిక్కులు. వీరి భాష పొరుగువారైన ఇబిబియోల భాషకు మిక్కిలి సన్నిహితమైనది. ఓబాంగ్ అను బిరుదుగల ప్రభువు లుండిరి గాని, అందరిని ఏకచ్ఛత్రముగ నేలిన చక్రవర్తి లేడు. స్థిరమైన సైన్యము లేదు. ఏ పేటకు ఆ పేటయే, ఏ కుటుంబమునకు ఆ కుటుంబపెద్దయే. అయినను అప్పులు వసూలగుచుండెను. నేరములకు దండన తప్పకుండెను. ఈ వ్యవస్థ దేనిపై నిలిచినదో తెలియవలెనన్న ఎక్పే సంఘమును గూర్చి తెలిసికొనవలెను.

ఎక్పే యనగా చిరుతపులి. తూర్పుననున్న కామెరూన్ ప్రాంతపు జాతులనుండి ఎఫిక్కులు ఈ సంఘమును స్వీకరించిరి. ఇందు అంతస్తులు పెక్కులు. ఒక్కొక్క మెట్టు నెక్కుటకు రుసుము చెల్లింపవలెను. ఆ సొమ్మును పైమెట్టువారు పంచుకొందురు గనుక, సభ్యత్వము గౌరవమే గాక పెట్టుబడియు నగుచుండెను. సంఘమందిరపు లోపలి గదిలోనుండి వనదేవత గర్జన వినవచ్చును. అది ఎట్లు పుట్టుచున్నదో దీక్ష లేనివారు చూడరాదు. వీధులలో సంచరించు ముసుగువేషధారి ఒడలికంటుకొన్న వలదుస్తు ధరించి, మెడచుట్టు నారకుచ్చులు వ్రేలాడ, నడుమున గంట మ్రోగ నడచుచుండును. సభ్యులు ధరించు ఉకారా అను నీలివస్త్రముపై తెల్లని త్రికోణములు బారులు తీరియుండును. అవి చిరుతగోళ్లకు గుర్తులు. వాని ప్రక్కనే న్సిబిడి యను ప్రాచీన సంకేతలిపిలోని చిహ్నములు కానవచ్చును.

ఈ గర్జనకును వ్యాపారమునకును గల సంబంధము గాఢమైనది. ఓడల కెప్టెన్లు వస్త్రములు, లోహపు కడ్డీలు, తుపాకులు అరువుగా నిచ్చుచుండ, ఎఫిక్ వర్తకులు తమ బంధువులనే ఓడపై తాకట్టుంచి, పడవలలో లోనాటి సంతలకు సరుకుతో వెళ్లుచుండిరి. ఋణము తీర్పనివానిపై ఎక్పే శాసనము వెలువడిన మరుక్షణమున వానితో లావాదేవీలన్నియు నిలిచిపోవును. మాట తప్పిన తెల్లకెప్టెనుకైనను ఇదే గతి. అందుచేతనే కొందరు ఐరోపావారు సైతము రుసుము చెల్లించి ఇందు అంతస్తులు కొనిరి. ఎక్పే సభ్యుడైన అంటెరా డ్యూక్ అను వర్తకుడు 1785 నుండి 1788 వరకు కలగలుపు ఇంగ్లీషులో వ్రాసికొన్న దినచర్యలో ఈ జీవితమంతయు ప్రతిబింబించినది. దాని మూలప్రతి ఎడింబరోలో రెండవ ప్రపంచయుద్ధకాలమున నశింపగా, అంతకుమున్ను ఎత్తి వ్రాసిన భాగములు మాత్రము మిగిలినవి.

అయితే ఆనాటి ప్రధానమైన సరుకు మనుష్యులే యను మాట దాచరానిది. 1767లో డ్యూక్ టౌన్ వారును ఆంగ్లేయ కెప్టెన్లును కూడబలుకుకొని, రాజీ కుదుర్చెదమని ఓల్డ్ టౌన్ వారిని రప్పించి, వందలమందిని వధించి, చిక్కినవారిని బానిసలుగా అమ్మిరి. అందు రాబిన్ జాన్ కుటుంబపు యువకులిరువురు డొమినికాకును, పిదప వర్జీనియాకును కొనిపోబడి, తుదకు బ్రిస్టల్ రేవు చేరి, న్యాయాధీశుడగు లార్డ్ మాన్స్‌ఫీల్డ్‌నకు మొరపెట్టుకొని, విముక్తులై 1774లో స్వదేశమునకు మరలిరి. మనుష్యులను అమ్మి గడించిన కుటుంబమువారే తాము అమ్ముడుపోవుట ఆ వ్యాపారపు నైజమును తేటతెల్లము చేయుచున్నది.

1807లో బ్రిటన్ బానిసవర్తకమును నిషేధించిన పిమ్మట, లివర్‌పూల్ వర్తకులకు పామాయిలు కావలసివచ్చెను; ఎఫిక్కులు అదే అరువుపద్ధతిని నూనెకు వర్తింపజేసిరి. 1846లో స్కాట్లండు మిషనరీలు అడుగిడిరి. 1868 నాటికి బైబిలు సంపూర్ణముగ ఎఫిక్ భాషలో వెలువడెను. ప్రభువులు మరణించినపుడు బానిసలను బలియిచ్చు దురాచారము 1850లో రద్దయినది గాని, అదియు మిషనరీల బోధ మాత్రమున గాక, ఎక్పే శాసనముగ వెలువడినందుననే చెల్లినది. అభియుక్తులచేత ఎసెరె యను విషపుగింజ మ్రింగించి, కక్కినవాడు నిర్దోషి, చచ్చినవాడు దోషియని తేల్చు పరీక్షయు నుండెను. 1864లో ఆ గింజనుండియే వేరుచేసిన ఫైసోస్టిగ్మిన్, తరువాత నీటికాసులు అను నేత్రరోగమునకు ఔషధమైనది.

ఎక్పే అధికారము పురుషులదే. స్త్రీల సంస్కృతికి వేరు ప్రతిష్ఠ యుండెను. యౌవనవతిని నెలలతరబడి ప్రత్యేకగృహమున నుంచి, పుష్టిగా భోజనమిడి, గృహధర్మములును నృత్యమును నేర్పుట ఆచారము. ఇత్తడి దువ్వెనలు గ్రుచ్చిన కొప్పులతో నదీతరంగముల యూపును అనుకరించు ఎకోంబి నృత్యమును, గుమ్మడి జాతి తీగ యాకును బచ్చలివలె నీరూరు ఆకును పామాయిలుతో, ఎండుచేపతో వండు ఎడికాంగ్ ఇకాంగ్ కూరయు నేటికిని ఎఫిక్కుల ఇంటి గుర్తులు.

బానిసలుగా పోయినవారు ఎక్పేను మరువలేదు. 1836లో క్యూబాలోని రెగ్లా పట్టణమున నల్లవారు అబాకువా అను పరస్పరసహాయసంఘమును స్థాపించిరి. దాని తొలిశాఖ పేరు ఎఫిక్ బుటోన్. ఓల్డ్ టౌనుకు ఎఫిక్కులు పెట్టుకొన్న పేరు ఒబుటోంగ్ అని తెలిసినవారికి వేరే సాక్ష్యము అక్కరలేదు. 2001లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో అబాకువావారును ఎఫిక్కులును కలిసికొన్నపుడు, ఒకరి పాటలలోని పదములు మరియొకరికి బోధపడినవి. స్వదేశమున ఋణదాతల ధనమును కాపాడిన శాసనమును, ఆ ధనమునకే బలియై అమ్ముడుపోయినవారు పరదేశమున ఒకరినొకరు ఆదుకొను వ్రతముగ మలచుకొనిరి. ఎఫిక్ చరిత్రలో ఈ కార్యము ఓబాంగుల వైభవమునకు ఏమాత్రమును తీసిపోదు.