58 కుట్ల పువ్వు: క్రోషే అల్లికలో లెక్కకు రాని శ్రమ

గురుగ్రామ్‌లోని లీజర్ వ్యాలీ మైదానంలో 2023లోనూ, 2024లోనూ సరస్ ఆజీవికా మేళా జరిగింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ నిర్వహించే ఈ మేళాల్లో వివిధ రాష్ట్రాల స్వయం సహాయక సంఘాల మహిళలు తమ చేతివృత్తుల ఉత్పత్తులను స్వయంగా విక్రయిస్తారు. ఇటువంటి చోట దారంతో అల్లిన చిన్న పువ్వును చూసిన కొనుగోలుదారుకు తరచూ కలిగే సందేహం ఒకటే. ఇంత చిన్న వస్తువుకు ఇంత ధరా? ఆ పువ్వు ఎలా తయారవుతుందో తెలిస్తే సమాధానం దానంతట అదే దొరుకుతుంది.

అల్లే విధానం

క్రోషే అల్లికకు కావలసినవి రెండే: దారం, కొన వద్ద కొక్కెం ఉన్న ఒక సూది. కొత్తగా నేర్చుకునేవారికి కాస్త లావుపాటి నూలు దారం, 3 లేదా 4 మిల్లీమీటర్ల సూది అనుకూలంగా ఉంటాయి. సన్నని లేసు పనికి ఇంతకంటే ఎంతో సన్నని సూదులు వాడతారు.

ముందుగా దారానికి జారుముడి వేసి సూదికి తగిలించాలి. దారాన్ని కొక్కేనికి చుట్టి, సూదిపై ఉన్న ఉచ్చులోంచి ఇవతలకు లాగితే ఒక గొలుసు కుట్టు పడుతుంది. ఇలా ఐదు గొలుసు కుట్లు వేసి, చివరిదాన్ని మొదటిదానితో ఒక జారు కుట్టుతో కలిపితే చిన్న వలయం ఏర్పడుతుంది. సూదిని కుట్టులోకి దూర్చి, దారాన్ని అందులోంచీ, సూదిపై ఉన్న ఉచ్చులోంచీ ఒకేసారి లాగడమే జారు కుట్టు.

తర్వాతిది పువ్వు మధ్యభాగం. ఎత్తు కోసం ఒక గొలుసు కుట్టు వేసి, వలయంలోకి పది పొట్టి కుట్లు వేయాలి. పొట్టి కుట్టుకు సూదిని వలయంలోకి దూర్చి దారాన్ని లాగాలి. అప్పుడు సూదిపై రెండు ఉచ్చులు ఉంటాయి. మళ్లీ దారం చుట్టి ఆ రెండింటిలోంచి లాగాలి. పది పూర్తయ్యాక మొదటి పొట్టి కుట్టుతో జారు కుట్టు వేసి కలపాలి.

ఇక రేకులు. రెండు గొలుసు కుట్లు వేసి, పక్కనున్న పొట్టి కుట్టులో మూడు పొడుగు కుట్లు వేయాలి. మళ్లీ రెండు గొలుసు కుట్లు వేసి, ఆ తర్వాతి పొట్టి కుట్టులో జారు కుట్టు వేస్తే ఒక రేకు పూర్తవుతుంది. పొడుగు కుట్టుకు ముందే దారాన్ని సూదికి ఒకసారి చుట్టుకోవాలి. సూదిని కుట్టులోకి దూర్చి దారాన్ని లాగితే మూడు ఉచ్చులు నిలుస్తాయి. వాటిని రెండేసి చొప్పున రెండు విడతల్లో విడిపించాలి. ఒక్కో రేకుకు రెండు పొట్టి కుట్లు ఖర్చవుతాయి కాబట్టి పదింటి మీద సరిగ్గా ఐదు రేకులు వస్తాయి. చివరగా దారాన్ని కత్తిరించి, ముడి బిగించి, కొసను పువ్వు వెనుక కుట్లలో దాచేయాలి.

అమెరికా, బ్రిటన్ పుస్తకాల్లో ఒకే కుట్టుకు వేర్వేరు పేర్లు ఉంటాయి. ఏ పద్ధతిని అనుసరిస్తున్నారో ముందుగా చూసుకోకపోతే పువ్వు పరిమాణం మారిపోతుంది.

లెక్క చెప్పే నిజం

వలయానికి 6, మధ్యభాగానికి 12, ఐదు రేకులకు 40. మొత్తం 58 కుట్లు. ఇటువంటి పువ్వులను వరుసకు ఆరు చొప్పున ఆరు వరుసలు కలిపి బల్లపై పరిచే గుడ్డ తయారుచేస్తే, పువ్వులకే 2,088 కుట్లు పడతాయి. అలవాటైన చేతికి ఒక్కో పువ్వుకు ఐదు నిమిషాలే పడుతుందనుకున్నా 36 పువ్వులకు మూడు గంటలు కావాలి. వాటిని ఒకదానితో ఒకటి అతికే పని ఇంకా మిగిలే ఉంటుంది.

ఈ సమయాన్ని యంత్రం తగ్గించలేదు. వాణిజ్య స్థాయిలో అసలైన క్రోషేను అల్లే యంత్రం వాడుకలో లేదు. మార్కెట్‌లో కనిపించే యంత్రపు లేసు వేరే రకం అల్లికతోనో, ఎంబ్రాయిడరీతోనో క్రోషే రూపాన్ని అనుకరించేదే. కాబట్టి అసలైన క్రోషే పువ్వు ఎంత చౌకగా దొరికినా దాని వెనుక ఎవరో ఒకరి చేతులు పనిచేశాయి. ధర తగ్గిందంటే, తగ్గింది పని కాకపోవచ్చు, కూలి కావచ్చు.

నరసాపురం అనుభవం

తెలుగు నేలపై ఈ పనికి చిరునామా పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురం, దాని పరిసర గ్రామాలు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా ఇక్కడికి వచ్చిన లేసు అల్లిక క్రమంగా వేలాది మహిళలకు ఇంటిపట్టున చేసే పనిగా మారింది. వ్యాపారులు దారం ఇచ్చి, అల్లిన సరుకును తీసుకుని విదేశాలకు ఎగుమతి చేశారు.

జర్మన్ సామాజికవేత్త మారియా మీస్ ఈ ప్రాంతంలో అధ్యయనం చేసి, 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్' అనే గ్రంథం వెలువరించారు. పువ్వుల వంటి విడిభాగాలు అల్లే 'చేతిపని' ఒకరిది, వాటిని కలిపే 'అతుకుపని' మరొకరిది కావడాన్ని ఆమె నమోదు చేశారు. ఎగుమతి మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్న ఈ మహిళలను కార్మికులుగా కాక, తీరిక వేళల్లో అల్లుకునే గృహిణులుగా చూడటం వల్లే వారి కూలి అతి తక్కువగా నిలిచిపోయిందని ఆమె విశ్లేషించారు.

ఐర్లండ్‌లోనూ ఇటువంటి చరిత్రే ఉంది. 1840లలో అక్కడ కరవు తాండవించినప్పుడు బతుకుతెరువుగా క్రోషే లేసు వ్యాపించింది. అక్కడా పువ్వులు, ఆకులు విడివిడిగా అల్లి, తర్వాత వలలాంటి అల్లికతో జతచేసేవారు.

గుర్తింపు వచ్చింది, మరి కూలి?

నరసాపురం క్రోషే లేసు ఉత్పత్తులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. 1999 నాటి చట్టం ప్రకారం ఈ నమోదు పదేళ్లపాటు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవచ్చు. ఇతర ప్రాంతాల సరుకును ఆ పేరుతో అమ్మడాన్ని ఈ చట్టం నిరోధిస్తుంది. అయితే అది కాపాడేది పేరును. అల్లిన చేతికి ఎంత దక్కాలో అది నిర్ణయించదు.

దుస్తుల ఎగుమతి సంస్థలకు పేరొందిన ఉద్యోగ్ విహార్ కూడా గురుగ్రామ్‌లోనే ఉంది. కుర్తీ మెడపై, సంచిపై, పిల్లల టోపీపై కుట్టే చిన్న పువ్వు దుస్తుల ధరలో అలంకరణ ఖర్చుగా కలిసిపోతుంది. తయారీదారులు నేరుగా అమ్మే మేళాల ప్రయోజనం ఇక్కడే తెలుస్తుంది. దళారీ వాటా తగ్గితే, అల్లినవారికి మిగిలేది పెరిగే వీలుంటుంది.

కొనుగోలుదారు చేయదగిన పని ఒకటుంది. గడియారం ముందు పెట్టుకుని ఒక్క పువ్వు అల్లి చూడాలి. తొలి ప్రయత్నానికి అరగంట పట్టినా ఆశ్చర్యం లేదు. ఆ తర్వాత అడిగే ప్రశ్న మారుతుంది: ఈ ధరలో అల్లినవారికి గంటకు ఎంత దక్కింది?